హల్లా పేరిట పూలచక్రం

ఫిన్లండ్‌లోని తాంపెరె ఊరి చర్చి మెట్ల మీద, పూలచక్రం మోసి అలసిన నడివయసు మనిషిని చనిపోయినవాడి తల్లి ఆపింది.

“రిబ్బను మీద హల్లా అని రాశారేంటి బాబూ? మావాడు తౌనో.”

“హల్లా వాడు పెట్టుకున్న మారుపేరు. మా గుంపులో అసలు పేర్లు ఎవరికి తెలుసమ్మా? కంప్యూటర్లో బొమ్మల్ని పాటకి ఆడించేవాళ్ళం. డెమోలు అనేవాళ్ళం. వాడి బాణీలు కుర్రాళ్ళు ఇప్పటికీ కాపీ కొడుతున్నారు.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్కరూ రాలేదే?”

“వాడు సైన్యానికి వెళ్ళాక, హల్లా పేరు మీద మీ ఇంటికి మేం పోస్టులో పంపిన ఫ్లాపీలన్నీ తిరిగొచ్చేశాయి. వాడికిక మేం అక్కర్లేదనుకున్నాం. డెమో చివర స్నేహితుల పేర్లు వేయడం మా ఆనవాయితీ. ఒళ్ళు మండి వాడి పేరు తీసేశాం.”

ఆవిడ రిబ్బను మీది పేరును వేలితో తడిమింది.

“హల్లా ఎవరూ ఇక్కడ లేరని పోస్ట్‌మన్‌కి చెప్పింది నేనే బాబూ. వాడు సెలవుకొచ్చినప్పుడల్లా అడిగేవాడు, నాకేమైనా వచ్చాయా అని. ఏమీ రాలేదనేదాన్ని.”