ఎడమ పాదం కొలత

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక వెనక కొందరు నిలబడే ఉన్నారు, క్షమించండి. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఆమె ఉంటే ముందే లెక్కేసి కుర్చీలు తెప్పించేది.

నా భార్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె కస్టమ్స్ ఆఫీసులో వర్గీకరణ అధికారి. అదేం ఉద్యోగమో మీలో సగంమందికి నాకన్నా బాగా తెలుసు. తక్కిన సగం మా బంధువులు, వాళ్ళ కోసం చెబుతాను. బయటి దేశం నుంచి వచ్చిన వస్తువు ఏ కోవలోకి వస్తుందో ఆమె తేల్చాలి. కోవను బట్టి సుంకం. తెచ్చినవాళ్ళు సుంకం తక్కువ పడే పేరు చెబుతారు. ఆఫీసు ఎక్కువ పడే పేరు చెబుతుంది. మధ్యలో ఈమె, "డబ్బా మీద ఏం రాశారో నాకెందుకు? మూత తియ్యండి" అనేది.

మూత తీయించి ఊరుకునేది కాదు. ప్రతిదీ తాను వాడి చూసేది. ఒకసారి మెడనొప్పి తగ్గించే దిండు అని ఒకటొచ్చింది. దిండా, చికిత్స పరికరమా అని వాదన. ఈమె దాన్ని బల్ల మీద పెట్టుకుని తల వాల్చింది. కాసేపటికి గురక వినిపించిందని ఆమె సహోద్యోగులు నాకు ఎన్నిసార్లు చెప్పారో! లేచి, "నొప్పి సంగతి తెలీదు గానీ నిద్ర మాత్రం పట్టింది. దిండే. పరుపులతో పాటు వేసెయ్యండి" అందట. ఇంటికొచ్చి నాతో, "ఏమండీ, కునుకు తీసి కూడా పని చేశాననిపించుకున్నది మా ఆఫీసులో నేనొక్కదాన్నే" అంది.

నవ్వండి, ఫరవాలేదు. ఆమె నవ్వించడానికే చెప్పింది.

ఇక పాదాలు కొలిచే యంత్రం సంగతి. చెప్పుల దుకాణాల కోసం వచ్చింది. చెప్పులు విప్పి గాజు పలక మీద నిలబడితే వెలుతురు పడి, పాదం పొడవు, వెడల్పు, చీలమండ చుట్టుకొలత తెర మీద కనిపిస్తాయి. తెప్పించిన వ్యాపారిగారు ఇక్కడే ఉన్నారు. అది వైద్య పరికరమని ఆయన వాదన. పాదాల లోపాలు పట్టేస్తుందని కరపత్రంలో ఉందట. వైద్య పరికరానికి సుంకం తక్కువ.

ఈమె చెప్పులు విప్పి ఎక్కింది. ఎడమ పాదం కుడిదానికన్నా లావు అని యంత్రం చూపించింది. యంత్రంలోనే తేడా ఉందేమోనని ఆఫీసువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. ఎవరికీ అంత తేడా రాలేదు. ఈమె మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అదే. "మేడమ్, ఇకనుంచి మీరు రెండు జతలు కొనాలి" అన్నారట ఎవరో. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది.

ఆ రోజే ఉత్తర్వు రాసింది. సాయంత్రం నాకు వినిపించింది. "ఈ పరికరం కొలుస్తుంది, జబ్బు చెప్పదు. కొలతకు అర్థం మనిషి చెప్పాలి. కనుక ఇది కొలత పరికరం."

తర్వాత కాలు చాపి, "ఏమండీ, ఇది కాస్త వాచినట్టు లేదూ? పిక్క కూడా లాగుతోంది" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. తలెత్తలేదు. "పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటే వాయదా మరి" అన్నాను. "అయితే చెప్పులకొట్టు ఆయనకి లాభమే" అని కాలు వెనక్కి తీసుకుంది.

నేను కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. లెక్కలో తేడా వస్తే కారణం వెతకమని పిల్లల్ని ఎందరినో కోప్పడ్డాను.

ఆ వారం తిరక్కుండానే ఆమె పోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరిందన్నారు. "ఒక కాలేమైనా వాచిందా?" అని డాక్టరు అడిగారు. వాచిందన్నాను. "మీరెప్పుడు చూశారు?" అన్నారు.

చూడలేదు. విన్నాను.

మా వదిన, అంటే ఆమె అక్కగారు, "మీరేమన్నా డాక్టరా మరిదిగారూ, మీకెలా తెలుస్తుంది?" అని ఓదార్చింది. డాక్టరు కానక్కర్లేదు వదినా. తలెత్తితే సరిపోయేది.

మిత్రులారా, మొన్న ఆమె పై అధికారి మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, ఆ యంత్రం మా అందరికీ చూపించింది. మేమే నవ్వేశాం. ఆమె గుర్తుగా దాన్ని వైద్య పరికరంగా మార్చేద్దామనుకుంటున్నాం" అన్నారు. వ్యాపారిగారు అడగలేదు, అదీ చెప్పాలి. వీళ్ళకే మనసు ఒప్పక వచ్చారు.

ఆ మాట నాకు హాయిగా వినిపించింది. ఎందుకో తెలుసా? అది వైద్య పరికరమే అయితే జబ్బు చెప్పాల్సింది అది. చెప్పకపోవడం దాని తప్పు. నేను బయటపడతాను. ఆ రోజంతా ఆ మాట పట్టుకునే వేలాడాను.

కానీ అయ్యా, మార్చకండి. ఆమె సరిగ్గానే రాసింది. యంత్రం కొలిచింది. రెండోసారి ఎక్కినా అదే చెప్పింది. అంతకన్నా అదేం చేస్తుంది? కొలతకు అర్థం మనిషి చెప్పాలి అని రాసింది కదా, ఎవరా మనిషి?

ఆఫీసు మిత్రులారా, నవ్వామని మీరు కుమిలిపోకండి. మీరు చూసింది తెర మీద అంకె. నాకు ఆమె కాలు చూపించింది.

ఇంకేం చెప్పలేను. ఆ యంత్రం మీద ఎలా నిలబడాలో కూడా ఆ సాయంత్రం చెప్పింది. చెప్పులు విప్పి, రెండు పాదాల మీద బరువు సమానంగా వేసి, కదలకుండా, ఎదురుగా చూస్తూ నిలబడాలట. కిందికి చూస్తే ఒళ్ళు ముందుకు తూలి కొలత తప్పుతుందట.

వెనకవాళ్ళు ఎలాగూ నిలబడే ఉన్నారు. మనమూ లేద్దాం. కాసేపు మౌనంగా ఉందాం. ఇలాంటప్పుడు తల దించుకోవడం అలవాటు, ఈసారి వద్దు. ఆమె ఫొటో ఎదురుగా ఉంది.

నేనూ తలెత్తే ఉంటాను.