పంపు దొర తగ్గించిన ఉప్పు

చమురు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి తండ్రి వడ్రంగి. కూతురు చేసుకుంటానన్న మనిషి ఎలాంటివాడో కళ్ళారా చూసి, సరే అనో వద్దనో తేల్చేసి పోదామని, చమురు బావుల గేటు ఎదుటున్న టీ కొట్టుకి వచ్చి కూర్చున్నాడు. ఎదుటి బెంచీ మీదున్న ఆ మనిషి బావిలోకి నీళ్ళు పంపే పంపు నడుపుతాడు. అందరూ పంపు దొర అంటారు. "ఏం చేస్తుంటావు బాబూ?" అని పెద్దాయన ఒక్క ముక్క అడిగాడు, అంతే.

"చిన్న పనేలెండి మావయ్యగారూ..."

"ఇంకా కాలేదు."

"సరే, పెద్దాయనగారూ. నూనె భూమి కింద చెరువులా నిండి ఉంటుందనుకుంటారు జనం. కాదండీ, తడిసిన ఇటుకలో చెమ్మలాగ రాతి సందుల్లో దాక్కుంటుంది. ఒక బావిలోంచి మేం నీళ్ళు తోస్తే, అవి నూనెని నెట్టుకుంటూ పోయి పక్క బావిలోంచి పైకి తెస్తాయి. ఇన్నాళ్ళూ ఉత్త ఉప్పునీళ్ళు తోసేవాళ్ళు. ఆ ఉప్పుందే, అది పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిది. నూనెనీ రాతినీ ముడేసి కూర్చుంటుంది. నేను కాస్త ఉప్పు తగ్గించా. ముడి సడలింది! మొదటి రోజు ఒక్క పీపా ఎక్కువొచ్చింది. ఒక్కటే."

"అది నమ్మొచ్చు," అని వడ్రంగి కాస్త ముందుకు జరిగాడు.

ఆ జరగడం చూసేసరికి దొరకి ఊపొచ్చేసింది.

"రెండో రోజు ఇంకా తగ్గించా. 'వద్దయ్యా, మరీ తగ్గిస్తే లోపల మట్టి ఉబ్బి సందులు మూసుకుపోతాయి' అని మా ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. నేను వింటానా? నాలిక మీద ఒక చుక్క వేసుకుని, ఉప్పెంతుందో అక్కడికక్కడే చెప్పేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంద పీపాలు! పీపాలు చాలక జనం ఇళ్ళలోంచి గిన్నెలు తెచ్చారు. ఈ అక్క టీ కెటిల్ కూడా ఇచ్చింది, అడగండి."

"నేనెప్పుడిచ్చానయ్యా?" అంది కొట్టు అక్క.

"మర్చిపోయుంటావులే అక్కా, ఆ హడావుడి అలాంటిది. మూడో రోజు వాన నీళ్ళంత మెత్తటి నీళ్ళు పంపా. రాయి పుట్టి బుద్ధెరిగాక అలాంటి స్నానం చేసుంటుందా? హాయిగా ఒళ్ళు విరుచుకుంది. భూమి జానెడు లేచింది! మా ఆఫీసుకి ఎనిమిది మెట్లుండేవా, ఏడయ్యాయి."

"ఒరేయ్, ఆ మెట్టు విరగ్గొట్టింది నేను, సిలిండరు దింపుతూ," అన్నాడు పక్కనున్న వెల్డరు.

"నువ్వుండరా. అసలు సంగతి ఇప్పుడుంది. పక్క కంపెనీ నూనెకి మా నీళ్ళ సంగతి ఎలా తెలిసిందో ఏమో, కంచె కింద నుంచి పాక్కుంటూ వచ్చేసింది! వాళ్ళ బావులన్నీ ఎండిపోయాయి. వాళ్ళ మేనేజరు పరిగెత్తుకొచ్చి, 'దొరా, కాస్త ఉప్పు వెయ్యి, మా బతుకులు నిలబెట్టు' అని ఒకటే ఏడుపు. జాలేసి చిటికెడు వేశా. సగం నూనె వెనక్కి మళ్ళింది. మిగతా సగం, 'చస్తే పోం, దొరగారి దగ్గరే ఉంటాం' అని మొండికేసింది!"

వడ్రంగి గ్లాసు బల్ల మీద పెట్టి, సంచీ భుజాన తగిలించుకుని లేచాడు.

"మాట్లాడే నూనె. బావుంది బాబూ, వస్తా."

దొర కూడా కంగారుగా లేచాడు.

"కూర్చో నాన్నా." వెనక బెంచీ మీదకి ఎప్పుడొచ్చిందో, ల్యాబ్ అమ్మాయి. "మూడు రోజులూ లేవు, గీడు రోజులూ లేవు. ఒక్క పూట. ఉప్పు తగ్గించిన మాట నిజమే, కానీ బావి వాల్వు తిప్పడం మర్చిపోయాడు. ఒక్క చుక్క కిందికి పోలేదు. గొట్టం అతుకు ఊడి, ఆ మెత్తటి నీళ్ళన్నీ మా ల్యాబ్‌లోకి వచ్చాయి."

వెల్డరుకి నవ్వాగక టీ పొలమారింది.

"మరి ఇతన్ని ఎందుకు చేసుకుంటానంటున్నావే?" అన్నాడు తండ్రి, నిలబడే.

"ఎవరూ అడక్కముందే వెళ్ళి, తప్పు నాదేనని ఇంజనీరుకి చెప్పాడు. తర్వాత తడిసిన నా పుస్తకాల్లో ఒక్కో కాగితం చిరక్కుండా విడదీసి, తీగ మీద ఆరేసి, ఇస్త్రీ చేసిచ్చాడు. నాలుగొందల కాగితాలు నాన్నా. ఆ సంగతి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పుకోలేదు."

వడ్రంగి దొర వైపు తిరిగాడు. "నిజమేనా?"

దొర తల దించుకుని గ్లాసులోకి చూశాడు.

"నాలుగొందలు ఉండవండీ," అన్నాడు గొణుగుతూ. "మూడొందల ఎనభై ఆరు."

వడ్రంగి సంచీ దించి, బెంచీ మీద కూర్చున్నాడు.