ముద్దు తిట్టు

కొన్నాళ్లుగా క్లాసుకు రాని వియత్నాం శిష్యురాలు ఫోన్‌ తెర మీద కనబడగానే, నరసరావుపేటలో మగ్గం పని నేర్పే సుబ్బరత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఒకరి మాట ఇంకొకరికి ఫోనే తర్జుమా చేస్తోంది.

“నా మీద కోపమొచ్చిందా అమ్మాయ్?”

“చివరి క్లాసులో మీరు నా వంశం నాశనం కావాలన్నారని ఫోన్‌ చెప్పింది.”

“అయ్యో, నెమలిని చానా బాగా కుట్టావని ‘నీ దుంప తెగ’ అన్నా. మా వైపు ముద్దొస్తే అట్టాగే తిడతారు.”

“అది తిట్టు కాదని మీ నవ్వు చూస్తేనే తెలిసింది. మా అమ్మమ్మ కూడా ముద్దొచ్చినప్పుడల్లా ‘నిన్ను చూస్తే అసహ్యం’ అనేది.”

“మరి క్లాసుకెందుకు రాలా?”

“ఆమె పోయాక నన్నలా ఎవరూ తిట్టలేదు. మీ గొంతు వింటే ఏడుపొస్తుందని రాలేదు.”

సుబ్బరత్నం ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

“ఏడుపొస్తే ఏడువమ్మా, నేనాగుతా. మగ్గం కాడికి రా.”