పొడుగు దొర చేతిల కల్లురేక

"తాతా, నువ్వు పోరనిగ ఉన్నప్పుడు ఒక తెల్లదొరకు జోడుగ తిరిగినవట గదా. గా ముచ్చట చెప్పరాదు."

ఎవలు చెప్పిన్రే నీకు? మీ అవ్వనా? ఆమె చెప్పవలసింది ఒక్కటున్నది, గదొక్కటి చెప్పదు, తక్కినయన్ని ఊరంత చెప్తది. గా మాటలు వట్టే టేపు డబ్బ తిరుగుతున్నదా? ఎర్రబుగ్గ ఎలిగితే తిరిగినట్టేనా? మంచిది. జర గా దిండు నా నడుము ఎనుక పెట్టు బిడ్డా. ఆఁ.

ఏడికెల్లి మొదలువెట్టాలె... ఎల్లారెడ్డిల అంగడి సందుల ఒక శెట్టి ఇల్లుండె. ముందట దుకాణం, ఎనుక రెండర్రలు. మా చిన్నాయన గా దుకాణంల బస్తాలు మోసేటోడు. చిన్నాయన గాదు, ఆయన అప్పటికే బొంబాయి పోయిండు. మా మేనమామ. ఆయననే వచ్చి చెప్పిండు, ఎనుకర్రలల్ల ఇద్దరు తెల్లపోరలు దిగిన్రురా అని. జర్మనోని లడాయి ఇంక మొదలు గాలే, అయితది అయితది అంటున్నరు. నువ్వు లెక్కలు చదువుతున్నవు గదా, ఏ సాలో నువ్వే కట్టుకో. నాకు మీసం ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు.

నన్నెవలు పిలువలే. నేనే పోయిన. పొద్దుగాల్ల పోయి ముందట నిలవడి, "దొరా, నీళ్లు తెస్త, అంగడి చేస్త, లెక్క చూస్త, పని ఇయ్యిండ్రి" అన్న. "వంట వచ్చునా?" అన్నడు పొడుగాయన. వస్తదన్న. రాదు. మొదటి దినం నేను చేసిన జొన్నరొట్టె ఇద్దరు ఒక్క అంచు వట్టుకొని గుంజిన్రు బిడ్డా, ఇరుగలే. నవ్విన్రు. నవ్వి నన్ను పెట్టుకున్నరు.

ఒకాయన పొడుగు, ఒకాయన ఎర్రజుట్టు. పేర్లు చెప్పిన్రు గని మాకు నోరు తిరగలే. పొడుగు దొర, ఎర్ర దొర, గంతే. ఇరవై ఏండ్ల పోరలు, వాండ్లల్ల వాండ్లు ఒకల్నొకలు "పెద్ద" అని పిలుచుకునేటోళ్లు. మా బాపు ఇని, "గీళ్లు పెద్దలైతే నేనేందిరా, ముత్తాతనా?" అన్నడు.

ఎందుకొచ్చిన్రంటే, దేవుని ముచ్చట చెప్పెతందుకు. సరే, పాదిరోళ్లను మేము చూడలేదా, చూసినం. గాళ్లకు బంగ్లలుంటయి, దవఖానలుంటయి. గీళ్లకు ఏం లేదు. "మీకు జీతమెంత దొరా?" అని అడిగితే జీతమే లేదట. ఇంటికాడ అమ్మనాయినలు పైసలు పంపుతరట, రెండేండ్లు తిరిగి ఇంటికి పోతరట. మల్ల పోయి ఏం చేస్తరంటే, ఎవుసం చేస్తడట ఒకడు! ఎవుసం చేసేటోడు పైసలు పెట్టుకొని సముద్రం దాటి ఎల్లారెడ్డికెందుకొస్తడే? నాకప్పుడు సమజ్ కాలే. ఇప్పుడు సుత కాలేదనుకో.

"వాళ్లు మోర్మన్లు కావచ్చు తాతా, అమెరికాల అదొక కిరస్తానపు జట్టు. మా సారు చెప్పిండు, చాయ్ గూడ తాగరట."

ఏమో, గట్లనే ఏదో అన్నరు. చాయ్ తాగరన్నది నిజమే. చాయ్ అప్పుడు మనకే తెల్వదు, కామారెడ్డి టేషన్ కాడ దొరికేది, గంతే. చుట్ట లేదు, బీడి లేదు, కల్లు లేదు. కల్లు లేదంటే ఊరు నమ్మలే. ఎండల నాగిరెడ్డిపేట దాక నడిచి ఒచ్చి, కాగవెట్టిన నీళ్లు తాగుతరు బిడ్డా. కాగవెట్టిన నీళ్లు!

పొద్దు పొడువకముందే లేస్తరు. మోకాళ్ల మీద దండం. ఆయెనుక పుస్తకం. ఆయెనుక ఎవలి బట్టలు వాళ్లు పిండుకునుడు. దొరలు బట్టలు పిండుకునుడు చూడనీకె సందు నిండ జనం. తెల్లంగీ, నల్లలాగు, మెడకు గుడ్డపేలిక గట్టి ముడేసుకొని బయటవడేది. నెలకొక ఆయితారం ఒక్కపొద్దు. నీళ్లు సుత ముట్టరు. గా దినం తినే బియ్యం కొలిచి ఎవలన్న లేనోళ్లకిచ్చేది. గిది మావోళ్లకు మంచిగ సమజైంది. "పాపం, మనలెక్కనే ఒక్కపొద్దుంటరు" అనేది మా అమ్మ.

సమజ్ కానిదేందంటే జోడు. ఒక్కడు ఏడికి పోడు. ఉప్పు కొననీకె ఇద్దరు. పొద్దుగాల్ల చెంబు వట్టుకొని పోయినా ఇద్దరే. నవ్వకు, నిజంగనే. గది వాండ్ల కట్టుబాటు. మా మేనమామ అనేటోడు, "ఏందిరా నీ జోడెడ్లు, ఒకటి కుంటయితే రెండోది దున్నదా?" అని. గా నోటి మాటనే ఎదురొచ్చింది.

ఎర్ర దొరకు చలిజ్వరమొచ్చింది. దినం తప్పి దినం వణుకుడు. మనిషి పుల్లయిండు. ఇగ బండి కట్టి కామారెడ్డి టేషన్‌కు తోలుకపోయినం. వాళ్లోళ్లే ఒకలు పట్నంకెల్లొచ్చి ఎర్ర దొరను రైలెక్కించుకొని పోయిన్రు, దవఖానకు. ఇగ పొడుగు దొరకు వాండ్ల పై దొరలు చెప్పిందేందంటే, కొత్త జోడు ఓడల వస్తున్నడు, అందాక ఒక్కనివి ఉండకు, మంచోన్ని ఒకన్ని ఎంబడి పెట్టుకో అని. రైలు పోయింది. పొడుగు దొర అటు చూసిండు, ఇటు చూసిండు. టేషన్‌ల ఇంకెవలున్నరు? మూట నెత్తినపెట్టుకొని నేనున్న.

"సాయిలూ, నీవే నా జోడు" అన్నడు.

"దొరా, మీ దేవునికి నేను మొక్క" అన్న.

"మొక్కవలదు. పక్కన ఉండుము. కాని నేను ముట్టనిది నీవు ముట్టరాదు. మాట ఇత్తువా?"

ఆయన తెలుగు గట్లుండేది, పుస్తకంల తెలుగు. కోస్తకాడ ఏడనో నేర్చుకున్నడట. ఇచ్చిన. ఎందుకిచ్చిన? ఏమో. బండిల ఆయన ఒక్కడే కూసుంటే చూడలేకపోయిన. ఇచ్చిన.

ఇగ చూడు తమాష. ఊర్లె ఇంటింటికి పోయి ఆయన చెప్పుడు, నేను తెలుగును మల్ల తెలుగుల చెప్పుడు. "మీ కుటుంబము క్షేమమా?" అంటడాయన. "ఇంట్ల అందరు మంచిగున్నరా అంటున్నడు" అంట నేను. జనం ఆయన దిక్కు చూడరు, నా దిక్కే చూస్తరు. నాగిరెడ్డిపేటల ఒక ముసలవ్వ నా చేతులు వట్టుకొని, "అయ్యా, నా బర్రె పాలిస్తలేదు, నువ్వే జర మొక్కు" అన్నది. "అవ్వా, నేను ఉత్త జోడును" అన్న. "జోడంటే ఇంకేం, నీకు సుత ఇంటడు" అన్నది. మొక్కిన్నా లేదా... మొక్కినట్టే నిలవడ్డ. ఏ దేవునికో నాకే తెల్వదు.

ఇగ పుట్టింది మాట. సాయిలు కలిసిండట. కిరస్తానంల కలిసిండట. బాపు అడిగిండు, "కలిసినవారా?" "లే బాపూ." "మరి కల్లెందుకు ముడుతలేవు?" "మాటిచ్చిన." "కలువకుంట మాటెట్లిచ్చినవురా?" ఏం చెప్తనే? నాకే సమజ్ అయితలేదు. పొద్దంత ఎవలన్న నువ్వు గిది, నువ్వు గిది అంటే, అవునా ఏందని మనకే అనుమానమొస్తది.

గప్పటికే తాడ్వాయిల మీ అవ్వను నాకు పెండ్లికి మాట్లాడి ఉండె. ఒక్కసారి జాతరల చూసిన, ఎండుకొబ్బరి కుడుకలు బేరం చేస్తున్నది. కుడుకలమ్మేటాయన చేతులు జోడించిండు, తల్లీ ఊరికేనే తీసుకపో అని. గిసొంటి మనిషి మన ఇంట్లుండాలె అనుకున్న. మనసైంది. వాళ్ల బాపు మల్లయ్య, మా మామ, కబురు తోలిండు: పిల్లగాడు వచ్చి మా అరుగు మీద నలుగురి ముందట కల్లు తాగాలె. తాగితే పిల్లనిస్తం. లేకుంటే ఇయ్యం.

మాట కాయం చేసుకునుడంటే అప్పుడు కల్లుతోనే బిడ్డా. ముందు భూమికి ఇంత సాక పొయ్యాలె, ఆయెనుక తాగాలె.

దొరకు చెప్పిన, ఒక్క దినం నన్ను ఇడువు అని. "నేను ఒంటిగా ఉండరాదు" అన్నడు. "అయితే?" "నేనును వత్తును."

వచ్చిండు. బండిల మా అమ్మ, బాపు, పూలు కుడుకలు చీర పెట్టిన పళ్లెం, నడుమ మెడల పేలికతోని దొర. మంచం మీద కూసోవెట్టిన్రు, మోకాళ్లు గదుమ కాడికి వచ్చినయి. పోరగాండ్లు ఆయన బూట్లు ముట్టి చూసుడు. పళ్లెం నడిమిట్ల పెట్టినం. మామ తాటాకు మడిచి దొన్నె లెక్క రేక చేసి, కల్లు వంచి నా చేతికిచ్చిండు. పొద్దుటి కల్లు, నురుగు. వాసనకే పానం లేచొచ్చింది.

"తాగు అల్లుడా. తాగితే మావోనివి. తాగకుంటే దొరవోనివి."

ఎత్తిన. నోటి కాడికి పోలే. దొర నా దిక్కు చూస్తలేడు, నేల దిక్కు చూస్తున్నడు. చూస్తే తాగుదునో ఏమో.

"మామా, నేను కలువలే. నీ మీద ఒట్టు. కొత్త దొర వచ్చినంక వచ్చి నీ ఇంట్ల కుండెడు తాగుత. గిప్పుడు మాటున్నది."

"దొరకిచ్చింది మాట, మాకిచ్చింది మాట గాదారా?" అన్నడు. పళ్లెం మీద చెయ్యేసి మా బాపు ముంగటికి నూకిండు. "మీది మీరు తీసుకపోండ్రి బావా."

మా బాపు లేచిండు. మా అమ్మ కొంగు నోట్లె పెట్టుకున్నది. రేక నా చేతిలనే ఉన్నది, కల్లు మోచేతి మీదికి కారుతున్నది. ఏం చెయ్యాలె? ఎవలి మాట తప్పాలె?

గప్పుడు దొర అడిగిండు, "సాయిలూ, ఇది తాగనిచో వివాహము ఆగునా?"

"ఆగింది దొరా. అగో, పళ్లెం."

మెడల పేలిక సదురుకున్నడు. మామ దిక్కు తిరిగి, "అయ్యా, మేమిద్దరము జోడు. జోడులో ఒకరు తాగిన చాలునా?" అన్నడు.

అరుగు మీద నలుగురు పెద్దమనుషులు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ఒకాయన, తోటిపెండ్లికొడుకు తాగితే పెండ్లికొడుకు తాగినట్టే అన్నడు. ఇంకొకాయన, అదెట్లయితదన్నడు. దొర లేచి, నా చేతిలకెల్లి రేక తీసుకున్నడు. తీసుకొని గోడ దిక్కు తిరిగిండు. నాకు వీపు కనవడుతున్నది, గంతే. వంగిండు. సాక పోసిండు, సప్పుడైంది. రేక పైకి లేసింది. తల ఎనుకకు పోయింది. తిరిగిండు. రేక ఖాళీ. మూతికి నురుగు. కాళ్లకాడ నేల తడి.

ఇగ చెప్పు. ఇంత సాక పోసి తక్కింది తాగిండా? లేకుంటే అంత సాకనే పోసిండా? తడి మస్తున్నట్టే ఉండె. మల్ల నురుగు?

"తాగిండురో!" అని మామ తొడ చరుసుకొని నవ్విండు. పళ్లెం మల్ల నడిమిట్లకొచ్చింది. డప్పు కొట్టేటాయన ఏడికెల్లొచ్చిండో వచ్చిండు.

వచ్చెటప్పుడు బండిల అడిగిన, "దొరా, తాగినవా?" "నీ వివాహము కుదిరినది గదా" అన్నడు. తెల్లారి ఆయితారం గాదు, ఏం గాదు, ఒక్కపొద్దున్నడు. గుక్కెడు నీళ్లు ముట్టలే. తాగినందుకా? తాగకుంట తాగినట్టు చేసినందుకా? అడిగితే మోకాళ్ల మీదికి పోయిండు.

కొత్త జోడు వచ్చిండు. నా జోడు తీరింది. మా పెండ్లికి ఇద్దరు వచ్చి బెల్లంబువ్వ తిన్నరు. ఇగ లడాయి మొదలైంది, వాండ్లను ఎనుకకు పిలిచిన్రు. కామారెడ్డి టేషన్‌కు నేనే బండి తోలిన. రైలెక్కెటప్పుడు మల్లడిగిన. "అది నన్ను అడుగకుము సాయిలూ. నీవు సంతోషముగా ఉన్నావా?" అన్నడు. ఉన్న దొరా అన్న. "చాలును" అన్నడు. పోయిండు. ఉన్నడో, లడాయిల పోయిండో, ఎవుసమే చేసుకున్నడో.

మా మామను అడిగిన. "నలుగురి ముందట తాగిండని నేనన్న గదరా. అన్నంక తాగినట్టే" అన్నడు. గది జవాబేనా?

ఇగ మిగిలింది మీ అవ్వ. దొర తిరిగిన గా గోడకే తలుపు. తలుపు సందుకెల్లి చూస్తున్నది. దొర మొకం ఆమె దిక్కే. అడిగినప్పుడల్ల, "చూసిన గని చెప్ప" అంటది. ఎన్నేండ్లాయె! ఏమే! పోశవ్వా! పిల్ల డబ్బల ముచ్చట వట్టుతున్నది, ఇప్పుడన్న చెప్పు. దొర తాగిండా, తాగలేదా?

"ఏంది నీ లొల్లి? ఈడ పప్పు మాడుతున్నది."

చెప్పవే. చెప్తే నోట్లెకెల్లి ముత్యాలు రాలుతయా?

"నేనేం చూడలే."

చూడలేదా? మరి ఇన్నేండ్ల సంది చూసిన చూసిన అంటివి?

"అన్న. నువ్వు ఎనుక తిరుగుకుంట అడుగుతుంటే మంచిగనిపించింది, అన్న. మా బాపు పళ్లెం నూకిందాక చూసిన. ఇగ అయిపోయింది, నువ్వు పోతవు అనుకున్న. కండ్లు మూసుకున్న. మా బాపు నవ్విందాక తెరువలే."

...

ఇన్నవా బిడ్డా? కండ్లు మూసుకున్నదట. నేను పోతనని. నేను దొర వీపు దిక్కే చూస్తి, నేల దిక్కు చూస్తి... గా తలుపు దిక్కు ఒక్కసారన్న చూడలేదే. ఇన్నొద్దులు... ఏమో, నాకేం సమజ్ అయితలేదు పో.

ఇగ బంద్ చెయ్యి గా డబ్బ. నీ కోసం సుత ఎవలన్న గట్ల కండ్లు మూసుకొని కూసోవాలె బిడ్డా, నా ఆయుష్షు సుత పోసుకొని సల్లగుండు. పో, మీ అవ్వ పిలుస్తున్నది... మాడిందో ఏమో పప్పు...