మేడెక్కిన గుర్రాలు

హాలోబీ బీరు కార్ఖానా గుర్రపుశాలని సోమవారం కూలగొడతారు. ఆపాలంటే ఒకటే దారి. మేడ మీద కూడా గుర్రాలని కట్టేవారని అక్కడ పనిచేసినవాళ్ళు సంతకం పెట్టి చెప్పాలి. బర్టన్ ఊళ్ళో మామూలు గుర్రపుశాలలు బోలెడు, రెండంతస్తుల్లోనూ గుర్రాలున్నది మాత్రం ఇదొక్కటే. స్థలం కొన్నవాళ్ళేమో, పైన ఎప్పుడూ గడ్డే ఉండేదంటున్నారు. గుర్రాలు మేడెక్కే ఏటవాలు ర్యాంపు పీకేసి పాతికేళ్ళయింది. పాత హాజరుపట్టీలో పేరున్న బండివాళ్ళలో మిగిలింది విల్ఫ్ టన్నిక్లిఫ్ ఒక్కడే.

అందుకే శుక్రవారం పన్నెండింటికే కౌన్సిల్ నుంచి మిస్ ఫెన్ కాగితాలు పట్టుకుని పబ్బుకి వచ్చింది. రెండున్నరకి పబ్బు మూస్తారు, ఆ సంతకం చేరాల్సిన ఆఫీసు నాలుగింటికి మూస్తారు.

"రాసుకో అమ్మాయీ," అన్నాడు విల్ఫ్, గ్లాసు పక్కకి జరిపి. "పందొమ్మిదొందల నలభై మూడు, జనవరి. ర్యాంపు మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. ఆ పొద్దున సార్జెంట్‌ని మేడ మీంచి ఒంటి చేత్తో దించాను. సార్జెంట్ అంటే గుర్రం, టన్ను బరువు. ఒక్కో డెక్కా అదిగో, ఆ పళ్ళెమంత ఉండేది."

"మంచిది, ఇది పనికొస్తుంది," అంది మిస్ ఫెన్ గబగబా రాస్తూ. "పైన మొత్తం ఎన్ని ఉండేవి?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఒంటి చేత్తో అన్నానా, మరి రెండో చెయ్యి ఏం చేస్తున్నట్టు? రెండో చేత్తో ఇంకో గుర్రం. నేను ముందు నడుస్తూ రెండు పగ్గాలూ పట్టి లాగుతున్నా. సగం దిగామో లేదో, సార్జెంట్ జారాడు. అప్పుడేం చేశానో తెలుసా? పగ్గం వదిలేసి, వాడు నన్ను దాటిపోతుండగా తోక దొరకబుచ్చుకున్నా."

"మొన్న చెవి పట్టుకున్నానన్నావుగా పెద్దాయనా," అన్నాడు పబ్బు యజమాని క్లెమ్, గ్లాసులు తుడుస్తూ.

"చెవి పట్టుకున్నది వేరే గుర్రాన్ని. అడ్డం రాకు. తోక పట్టుకుని, కాలు తీసుకెళ్ళి ఇనప స్తంభానికి తన్నిపెట్టా. అవి ఆషామాషీ స్తంభాలు కావమ్మా, విక్టోరియా రాణి కాలంలో పోతపోసినవి, పై అంతస్తు మొత్తం వాటి మీదే నిలబడింది. ఆ స్తంభం కాస్తా వంగింది. స్తంభం వంగితే మేడ ఊరుకుంటుందా? అదీ ఒరిగింది. పైనున్న గుర్రాలన్నీ ఒక పక్కకి జారి బితుకుబితుకుమంటూ చూస్తున్నాయి."

మిస్ ఫెన్ పెన్ను ఆగింది. రాసిందాంట్లో మూడు వరుసలు కొట్టేసింది. "టన్నిక్లిఫ్ గారూ, స్తంభాలు నిటారుగానే ఉన్నాయి. నిన్న కొలిచాను."

"ఉంటాయి మరి. నేనే సరిచేశానుగా. ఆ తర్వాత ఏమైందో విను. కప్పు మీద చెక్క పలకల గూడొకటి ఉంది, చూశావా? గుర్రాల ఊపిరి పైకి పోవడానికి కట్టింది. చలికి ఆ పలకలు బిగుసుకుపోయాయి. లోపల భయంతో గుర్రాలన్నీ బుసకొడుతున్నాయి. ఊపిరి పోయే దారేదీ? కప్పు కప్పంతా జానెడు పైకి లేచింది. నేను గబగబా పైకెక్కి, వాసం పట్టుకుని వేలాడి, నా బరువుతో దాన్ని మళ్ళీ..."

"ఒక్కటి," అంది మిస్ ఫెన్. "నమ్మదగ్గ ముక్క ఒక్కటి చెప్పండి, చాలు. ఇది చూపిస్తే స్థలం కొన్నవాళ్ళు నవ్వి, సోమవారం దాకా కూడా ఆగరు."

"నమ్మకపోతే నేనేం చెయ్యను? వేలాడుతూనే పొద్దుటి డ్యూటీ కూడా..."

కిటికీ పక్కన స్వెటరు అల్లుకుంటున్న విల్ఫ్ భార్య ఐవీ సూదులు ఒళ్ళో పడేసింది.

"ఏమయ్యా, ముందు నడిచి లాగావా? ర్యాంపు మీద గుర్రం ముందు నడిచినవాడు దాని కాళ్ళ కింద పడతాడు. భుజం పక్కన నడవాలి, ఆపకుండా మాట్లాడుతూ ఉండాలి. మాట ఆగితే అదీ ఆగిపోతుంది, వెనకొచ్చేది దాన్ని గుద్దుతుంది. ఒక్కసారి దించినా తెలిసేది నీకు."

ఐవీ మిస్ ఫెన్‌కేసి చూసింది.

"సార్జెంట్‌ని దించింది నేనమ్మాయీ. మగవాళ్ళు యుద్ధానికి పోతే మమ్మల్ని ఏడుగురు ఆడవాళ్ళని పెట్టుకున్నారు. ఈయన్ని చదును పాదాలవాడని సైన్యం వెనక్కి పంపింది. పైన ఇరవై రెండు గుర్రాలు. గోడల మూలలన్నీ గుండ్రంగా కట్టారు, తుంటి గీసుకోకుండా. ముప్ఫై అయిదేళ్ళుగా ఈయన కోతలు వింటున్నా. ఒక్క ముక్క అన్నానా? ఈ రోజు అనాల్సొచ్చింది."

మిస్ ఫెన్ హాజరుపట్టీ నకలు తిరగేసింది. "మీ పేరు ఇందులో లేదండీ."

"ఆడకూలీల పేర్లు పట్టీలో ఎక్కించలేదు."

"అయితే వాళ్ళు ఒప్పుకోరు. పట్టీలో పేరున్న మనిషి అవునని రాయాలి." ఆమె విల్ఫ్ వైపు తిరిగింది. అందరూ తిరిగారు.

విల్ఫ్ గ్లాసు ఇంకాస్త దూరంగా జరిపాడు. క్లెమ్ పబ్బు మూసే గంట కొట్టడానికి తాడు పట్టుకుని, కొట్టకుండా అలాగే నిలబడ్డాడు.

"నేను కింద బండి దగ్గర ఉండేవాణ్ణి," అన్నాడు విల్ఫ్. "ఎప్పుడూ ఎక్కలేదు. నాకు ఆ ర్యాంపంటే భయం. వీళ్ళు దించుతుంటే గోడకేసి తిరిగి నిలబడేవాణ్ణి."

"అంటే చూడలేదా?" మిస్ ఫెన్ తల పట్టుకుంది. "మరి నేనేం రాయను?"

"విన్నానమ్మా. లాడాల చప్పుడు ముందు నా తల మీద నడిచేది. తర్వాత గోడ వెంబడి మెల్లగా దిగి, నా వీపు వెనక ఆగేది. రోజుకి ఇరవై రెండు సార్లు. చప్పుడుతో పాటే ఈవిడ గొంతు, సార్జెంట్‌తో ఏవో కబుర్లు చెబుతూ. అంతా దిగాక, 'అయిపోయింది, ఇక తిరుగు' అనేది. అప్పుడు తిరిగేవాణ్ణి."

మిస్ ఫెన్ రాస్తూనే ఉంది. రాసి, కాగితం అతని ముందు పెట్టింది.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అన్నాడు విల్ఫ్.

ఐవీ లేచి వచ్చి, వేలితో చోటు చూపించింది.