మండలాన్ని జోకొట్టిన రెండు వేళ్లు

చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని జైపాల్ నిలబడే కునుకు తీసిండు. గ్లాసు వంగి వేడి చాయ్ పాదం మీద పడ్డంక గాని మెలకువ రాలే.

మొయినాబాద్ సడక్ మీద నిర్మల చాయ్ హోటల్. పొద్దుటి గిరాకి తగ్గినంక బెంచీల మీద మిగిలేది ఇంటికాడ పని లేనోళ్లు, ఉన్నా చెయ్యబుద్ధి కానోళ్లు.

"ఏంరా, రాత్రంతా పొలానికి నీళ్లు పెట్టినవా?" అని అడిగిండు కొమురయ్య.

"నీళ్లు కాదు మామా, బిడ్డ. పుట్టి నెలయితాంది. పొద్దు గూకిందంటే రాగం ఎత్తుకుంటది. దాన్ని చూసి రమ ఏడుస్తది. ఇంట్ల ఇంక ఏడ్వనిది నేనొక్కన్నే."

స్వామిదాసు గ్లాసు కింద పెట్టిండు. ఆయన గ్లాసు కింద పెట్టిండంటే ఇగ ఆ చాయ్ సల్లారినట్టే. ఏండ్లకేండ్లు స్కూలు బస్సు నడిపి ఇంటికాడ కూసున్న మనిషి. పెద్ద గొంతు, పెద్ద చేతులు, అంతకంటే పెద్ద ముచ్చట్లు.

"ఫికర్ జెయ్యకు జైపాలూ. ఈ చెయ్యి చూసినవా?"

"చూసిన కాక."

"ఇది చెయ్యి కాదు."

"మరేంది, కాలా?" అన్నడు కొమురయ్య.

"నువ్వు నడుమల రాకు కొమురయ్యా. ఇది పిల్లగానికి చెప్పే ముచ్చట. ఇను జైపాలూ. మా బిడ్డ ఆశా కాన్పుకు వచ్చింది గదా మొన్న ఎండకాలం. పిల్ల పుట్టింది, బంగారు బొమ్మ. రంగు వాళ్ల నాయనది, ముక్కు మా ఇంటామె పద్మమ్మది, గొంతు మాత్రం నాది. సాయంత్రమైతే మొదలు. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే, పాలిచ్చినా ఏడుపే. పిల్లల డాక్టరుకు చూపెట్టినం. ఆయన అంతా చూసి, పాలు మంచిగ తాగుతున్నది, బరువు పెరుగుతున్నది, రోగమేం లేదు, కొందరు పిల్లలు గిట్లనే ఏడుస్తరు, మూడో నెల దాటితే అదే తగ్గుతది అన్నడు. సరే, మూడో నెల దాంక మేం బతకాలె గదా! పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసిండు. పిల్ల లొల్లికి ఆయన ఆమెన్ అన్నది మాకు ఇనబడనే లే, ఆయన కండ్లు తెరిస్తే అయిపోయిందని తెలుసుకున్నం. ఇగ మా అల్లుడు క్రాంతి కుమార్ మోకిల నుంచి వచ్చి, ఫోన్ల ఎతికి ఎతికి, కనకమామిడిల ఒక ఫారంహౌజు ఉన్నదట, అండ్ల కావ్య మేడమ్ అని ఉన్నదట, చిన్నపిల్లలను మెల్లగ ముట్టుకొని నిమ్మళం చేస్తదట అన్నడు."

"ముట్టుకుంటేనే నిమ్మళమా?" అన్నడు జైపాల్.

"ముట్టుకుంటేనే. మాలిష్ కాదు, ఒత్తుడు కాదు, మందు గిందు లేదు. పోయినం. మామిడి చెట్ల నడుమ సల్లటి అర్ర, కింద చాప. మేడమ్ మొదలు అడిగిందే డాక్టరుకు చూపెట్టిన్రా అని. చూపెట్టినం అన్నంక పిల్లను ఒళ్లో ఏస్కున్నది. ఒక అరచెయ్యి తల కింద, రెండు వేళ్లు నడుము కింద. ఎంత మెత్తగ అంటే, పండిన టమాట మీద ఈగ వాలినట్టు. ఆశా నోరు తెరిచి చూస్తున్నది, అల్లుడు ఫోన్ తీస్తుండు, నేను మాత్రం రెప్ప కొట్టకుండ ఆ వేళ్లనే చూస్తున్న. జర సేపటికి పిల్ల ఏడుపాపింది. మేడమ్ దిక్కు చూసింది. ఇంతపొడుగు ఆవులించింది. అంతే, విద్య నేను పట్టేసిన."

"ఒక్కసారి చూసేనా?" అన్నది నిర్మల పొయ్యి కాడికెల్లి.

"నాకు ఒక్కసారి చూస్తే సాలు చెల్లె. బస్సు నేర్చుకున్నది గూడ గట్లనే, వేరేటోడు నడుపుతుంటే పక్కన కూసొని."

"అందుకేనా షాబాద్ కాడ బస్సును చెరువుల దింపినవ్?"

"నేను దింపలే. చెరువే అడ్డమొచ్చింది. ఇను జైపాలూ, ఈమె మాట ఇనకు. ఇంటికొచ్చినమా, పొద్దు గూకిందా, పిల్ల మొదలుపెట్టిందా! ఆశా, నువ్వు జరుగు బిడ్డా అన్న. ఈ చెయ్యి తల కింద పెట్టిన, ఈ రెండు వేళ్లు నడుము కింద. ఒక్క ఊపిరి తీసుకున్న, ఇడ్సిన. ఠక్కున బందైంది. రేడియో కట్టేసినట్టు!"

జైపాల్ బెంచీ మీద ముందుకు జరిగిండు. "నిజంగనా కాక? తెల్లారేదాంక లేవలేదా?"

"తెల్లారేదాంకనా? ఆ తెల్లారి పొద్దు గూకేదాంక! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మా పక్కింటి నీలమ్మకు సప్పుడు ఇనబడకపోయేసరికి బుగులు పట్టి గోడ ఎక్కి చూసింది. చూసి ఊకుంటదా? పొద్దుగాల తలుపు తీసేసరికి లైను. చంకల చంటిపిల్లలతోని చేవెళ్లోళ్లు, షాబాదోళ్లు, శంకర్‌పల్లోళ్లు. లైను మొదలు మా గుమ్మం కాడ, కొస చేవెళ్ల బస్టాండుల. నేను ఒక్కొక్కన్ని ముట్టుకుంట వస్తున్న, వాడు పండుకుంటుండు, వాళ్లమ్మ దండం పెట్టుకుంట పోతున్నది. కానీ లైను పొడుగు గదా, కొసకున్న పిల్లలు నా కాడికొచ్చేసరికి నడవబట్టిన్రు. ఆఖరోడైతే బడి బ్యాగు ఏస్కొనొచ్చి, తాతా, నన్నెందుకు తెచ్చిన్రు అని అడిగిండు."

కొమురయ్య నోట్ల చాయ్ ఉండంగ నవ్వలేక మింగలేక తిప్పలు పడ్డడు. "దాసూ, నీ మనుమరాలు పుట్టింది మొన్న ఎండకాలమే గదా?"

"అవ్. అయితే?"

"ఏం లేదు. చెప్పు."

"మనుషులతోని ఆగితే బాగుండు. ధనరాజ్‌కు ఒక బర్రె ఉన్నది ఎరుకే గదా, తన్నే బర్రె. దాని దగ్గరికి బకెటు పట్కపోయినోడు బకెటు లేకుండ వస్తడు. దాసన్నా, ఒక్కసారి నీ చెయ్యి పెట్టు అన్నడు. పెట్టిన. బర్రె కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఇన్నేండ్లు నన్ను ఎవ్వరన్న గింత మెత్తగ ముట్టుకున్నరా అన్నట్టు నా దిక్కు చూసి, బకెటు నిండ పాలిచ్చి పండుకున్నది. పండుకునుడు గూడ ఎట్లాంటి పండుకునుడు? పిండిన పాలు బకెట్లనే పండుకొని తోడు లేకుంట పెరుగైనయి."

"ఆ పెరుగు నాకు జర తెచ్చియ్యకపోతివి," అన్నది నిర్మల.

"తెద్దామంటే కదలలే చెల్లె, మస్తు నిద్రల ఉండె. అది ఇడ్సిపెట్టు. ఓ దినం ఈ సడక్ మీది ఫంక్షన్ హాలుల పెండ్లి. డీజే పెట్టిన్రు. దాని దడకు మా ఇంట్ల గిన్నెలు గోడ దిగి నడుస్తున్నయి. చిన్నది ఉలిక్కిపడి లేసింది. నాకు కోపమొచ్చింది. సక్కగ పోయిన, ఎవ్వన్నీ ఏమనలే, డీజే డబ్బ మీద రెండు వేళ్లు పెట్టిన. ముందు పాట సన్నబడ్డది. ఆనక డబ్బ గుర్రు పెట్టింది. ఆ గుర్రు ఇని అయ్యగారు మంత్రం నడుమల ఒరిగిండు, పెండ్లికొడుకు తాళి చేతుల పట్టుకొనే కునికిండు, పెండ్లికూతురు ఆయన భుజం మీద తల పెట్టింది. భోజనాల కాడ వడ్డించేటోడు గరిటె ఎత్తి గట్లనే ఆగిండు, గరిటెల పప్పు కింద పడకుంట అండ్లనే పండుకున్నది."

"మరి పెండ్లి అయిందా?" అన్నడు కొమురయ్య.

"లేసినంక చేసుకున్నరు. ముహూర్తం గూడ పండుకున్నదాయె, దాటిపోలే."

జైపాల్ నవ్వలే. అందరూ నవ్వుతున్నరు గాని ఆ పిల్లగాడు స్వామిదాసు చేతుల దిక్కే చూస్తుండు. మనిషికి నిద్ర లేకపోతే ఏదన్న నమ్ముతడు.

ఒక్కడు నమ్ముతున్నడని తెలిస్తే ఇగ స్వామిదాసును ఆపేటోడెవ్వడు? బెంచీ మీదికెల్లి లేసి నిలబడ్డడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అసలు ముచ్చట అక్కడున్నది. డీజే బందైనా సడక్ మీద హారన్లు బందు కావాలె గదా! అటు వికారాబాద్ పోయే లారీలు, ఇటు పట్నం పోయే బస్సులు. ఇట్ల కాదని వంగి తారురోడ్డు మీద చెయ్యి పెట్టిన. అరచెయ్యి ఇటు మొయినాబాద్ దిక్కు, రెండు వేళ్లు అటు చేవెళ్ల దిక్కు. ఒక్క ఊపిరి. అయిపోయింది జైపాలూ! లారీలు ఎక్కడియి అక్కడ తలకాయ వంచినయి. బోరు మోటర్లు బందు. కోళ్లు బందు, కుక్కలు బందు. కరెంటు తీగలల్ల కరెంటు పండుకున్నది."

"మొన్న గాలివానకు పోయిన కరెంటు గూడ నీ చెయ్యేనా అన్నా?" అన్నది నిర్మల.

"అది గాలి పని. నా దాంట్ల గాలి గూడ పండుకున్నది. పైన ఒక కొంగ ఎగురుకుంట పోతున్నది, ఎగురుకుంటనే పండుకున్నది. కింద పడలే. ఎందుకు పడలే? పడాలన్న సోయి దానికుంటే గదా! ఇగ సూర్యుడు చేవెళ్ల దిక్కు గుట్టకు తల ఆనిచ్చి, దిగాలన్న సంగతి మర్సి కునుకు తీసిండు. భూమ్మీద సప్పుడు లేదు. నేనొక్కన్ని మెలకువగ నిలబడి, ఓ దేవా, ఈ చేతికి గింత బలమిచ్చినవా అని చెయ్యెత్తి నుదురు ముట్టుకున్న. పొరపాటైంది. నా చెయ్యే నాకు తగిలింది. నేను గూడ సడక్ మీద పండుకున్న!"

కొమురయ్య తువ్వాల మొఖం మీద ఏస్కొని ఊగుతుండు. జైపాల్ మాత్రం లేసి జేబులకెల్లి ఫోన్ తీసిండు.

"కాక, రేపు బిడ్డను దవాఖానకు తీస్కపోదామని పిల్లల డాక్టరు కాడ నంబరు తీస్కున్నం. వద్దని చెప్త. నువ్వే రా కాక ఇయ్యాల. నీకు పుణ్యముంటది."

నిర్మల చేతిల గరిటె ఆగింది. నవ్వు మొఖం మీదికెల్లి పోయింది.

"జర ఆగు జైపాలూ, ఫోన్ చెయ్యకు. దాసన్నా, ఒక్క మాట అడుగుత. అందరూ పండుకున్నరు?"

"అందరూ."

"కోడి గూడ?"

"కోడి గూడ."

"పద్మక్క, ఆశా, ఆఖరికి నువ్వు గూడ?"

"నేను గూడ, చెప్తున్న గదా!"

"మరి లేపిందెవరే?"

"ఎవరేంది?" అన్నడు స్వామిదాసు అదే ఊపుల. "మనుమరాలు కెవ్వుమని ఏడిస్తే లేవక సస్తమా?"

మాట బయటికి వచ్చినంక ఆయనకే ఇనబడ్డది.

కొమురయ్య మొఖం మీది తువ్వాల తీసి బెంచీ మీద కొట్టిండు. అవతల పంక్చర్ దుకాణపోడు గూడ టైరు ఇడ్సిపెట్టి నవ్వబట్టిండు. "కొంగను పండబెట్టినవ్, సూర్యున్ని పండబెట్టినవ్, ఆ ఒక్కదాన్ని పండబెట్టలేకపోతివా దాసూ?" అన్నడు కొమురయ్య.

"ఇన్నవా జైపాలూ?" అన్నది నిర్మల. "రేపు దవాఖానకు పో."

జైపాల్ ఫోన్ జేబుల పెట్టుకున్నడు. అతనికి నవ్వు రాలే, బెంచీ మీద కూలబడ్డడు. "అయితే అదంత ఉత్తదేనా కాక?"

స్వామిదాసు ఆ మొఖం చూసిండు. పక్కన కూసున్నడు. ఆయన గొంతు గంత చిన్నగ ఉండుడు హోటల్ల ఎవ్వరూ ఎప్పుడూ ఇనలే.

"దవాఖానకు పోవాలె బిడ్డా. ఆ మేడమ్ గూడ మొదలు డాక్టరునే అడిగింది, అది అబద్ధం కాదు. ఆమె కాడ పిల్ల జర సేపు ఊకున్నది, అదీ అబద్ధం కాదు. మేడమ్ చేతికి ఊకున్నదో, ఏడ్చి ఏడ్చి అలసి ఊకున్నదో నాకెరుక లేదు. ఇంటికొచ్చి నేను చెయ్యి పెడితే ఇంక జోరుగ ఏడ్చింది."

"మరేం చేసినవ్?"

"ఏం చేస్త? ఎద మీద ఏస్కొని వాకిట్ల తిరిగిన. అది ఏడుస్తనే ఉన్నది, నేను తిరుగుతనే ఉన్న. లోపలికి చూస్తే ఆశా గోడకు ఆనుకొని పండుకున్నది. కాన్పు అయినకాంచి నా బిడ్డ గట్ల పండుకోంగ నేను చూడలే. ఇగ చిన్నది ఏడిస్తే ఏడ్వనీ అనుకున్న. రోజూ సాయంత్రం గదే పని నాకు. మూడో నెల దాటినంక అదే తగ్గింది, డాక్టరు చెప్పినట్టే."

నిర్మల కొత్తగ చాయ్ పోసి ఆయన ముందట పెట్టింది.

ఆ చాయ్ ఒక్క గుక్కల తాగి స్వామిదాసు లేసిండు. "రేపటి డాక్టరు రేపు. ఇయ్యాల సాయంత్రం మీ ఇంటికొస్త. రమను తిని పండుకోమను."

అన్నట్టే వచ్చిండు. పొద్దు గూకంగనే బిడ్డ మొదలుపెట్టింది. స్వామిదాసు చేతులు కడుక్కొని బిడ్డను ఎద మీద ఏస్కొని వాకిట్ల తిరుగుడు మొదలుపెట్టిండు. మొదట్ల రమ కిటికీ కాడికెల్లి రెండు మూడుసార్లు తొంగి చూసింది, ఆనక చూడలే. జైపాల్ గడప మీద కూసున్నోడు అక్కడ్నే ఒరిగి నిద్రపోయిండు.

బిడ్డ మాత్రం పిడికిళ్లు బిగపట్టి, మొఖం ఎర్రగ చేసుకొని ఏడుస్తనే ఉన్నది.

స్వామిదాసు దాని వీపు మీద చెయ్యేసి చెవి కాడ మెల్లగ మొదలుపెట్టిండు. "ఊకో తల్లీ, నీకొక ముచ్చట చెప్త ఇను. ఒకసారి నేను బస్సు తోలుకుంట పోతున్ననా, నడుమల ఒక పులి చెయ్యెత్తి ఆపిందా..."

బిడ్డ అప్పటిదాంక ఏడ్చినదానికి రెండింతలు కెవ్వుమన్నది.

"నువ్వన్న నమ్మరాదే తల్లీ," అన్నడు స్వామిదాసు.