రమీబెన్ పక్కన ఖాళీ సీటు

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ పదకొండో తేదీన, తొలకరి ఇంకా జునాగఢ్ ముఖం చూడని ఒక సోమవారం ఉదయం, శ్రీ మేరామణ్‌భాయ్ బారడ్ గారు మన డిపోలో కండక్టరుగా చేరారు. ఇరవై మూడేళ్ల వయసు, ఇస్త్రీ నలగని ఖాకీ చొక్కా, భుజాన కొత్త తోలుసంచితో ఆనాడు ఆరంభమైన వారి ఉద్యోగ ప్రస్థానం నేటితో పరిసమాప్తమవుతున్నది. ఇన్నేళ్లలో ఆయన బస్సులో కూర్చున్నది బహు తక్కువ. కండక్టరుకు ఒక సీటు ఉంటుందన్న మాట నిజమే. ఆ సీట్లో ఎప్పుడూ ఎవరో ఒక ముసలమ్మ ఉండేదన్నదీ అంతే నిజం.

తొలి సంవత్సరాలు గిర్ అడవి అంచు పల్లెల సర్వీసుల్లో గడిచాయి. నిబంధనల విషయంలో వారెంత నిక్కచ్చి మనిషంటే, సాక్షాత్తు మామగారు ఒక స్టేజీ దాటి దిగితే అదనపు టికెట్టు కొట్టి చేతిలో పెట్టారు. అత్తవారింట పండుగ భోజనాల్లో ఆ కథ నేటికీ వడ్డిస్తూనే ఉన్నారు. అనంతరం సోమనాథ్, ద్వారక యాత్రా సర్వీసులకు మారారు. శ్రావణ సోమవారాల్లో, జన్మాష్టమికి, కార్తీక పూర్ణిమ జాతరకు కాలు పెట్టే చోటు లేని బస్సులో, ఒక పక్క వెరావళ్ చేపల బుట్టలకూ మరో పక్క అభిషేకానికి తీసుకెళ్లే పాలచెంబులకూ తగవు రాకుండా దారి చేసుకుంటూ తిరిగిన మనిషి ఆయన. ఆయన చేత్తో గంట తాడు లాగితే తప్ప బండి కదిలించనని భీష్మించుకున్న డ్రైవరు లఖమణే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాడు.

వారి సహధర్మచారిణి శ్రీమతి రమీబెన్ గారికి ఉన్న కోరిక ఒక్కటే. భర్తా తనూ పక్కపక్కన కూర్చుని ద్వారక వెళ్లాలి. యాత్రలకు వెళ్లలేదని కాదు, వీధిలోని ఆడవాళ్లతో కలిసి సోమనాథ్ వెళ్లారు, అదీ భర్త బస్సులోనే. ఆయన అందరికీ ఇచ్చినట్టే ఆవిడకూ టికెట్టిచ్చి ముందుకు సాగిపోయారు. లోకమంతా యాత్రకు బయలుదేరే రోజునే కండక్టరుకు సెలవు దొరకదు. ఏటా "వచ్చే ఏడు చూద్దాం రమీ" అనేవారు. ఆ వచ్చే ఏడు ఎన్నడూ రాలేదు.

ఈ సందర్భంలో ఒక సంఘటనను స్మరించక తప్పదు. రెండువేల మూడులో ఒక శ్రావణ సోమవారం. జీవీబా అనే పెద్దావిడ కొడుకుతో కలిసి బస్సెక్కింది. ఎర్రగుడ్డ కట్టిన మట్టికుండను కిటికీ పక్క సీట్లో ఉంచి తాను పక్కన కూర్చుంది. కుండలో ఉన్నవి ఆమె భర్త అర్జణ్‌బాపా పూలు, అంటే అస్థికలు. సోమనాథ్ సంగమంలో కలపడానికి తీసుకెళ్తున్నారు. పోయినవారిని బండెక్కమని పిలిచి, దారి చెబుతూ, టీ తాగుతారా అని అడుగుతూ తీసుకెళ్లడం వాళ్ల వైపు ఆనవాయితీ.

"టికెట్లు మూడు," అన్నాడు కొడుకు.

"ఉన్నది ఇద్దరేగా?"

"బాపాని లెక్కలోంచి తీసేస్తావా?"

పోయినవారికి టికెట్టివ్వాలన్న నిబంధన లేదు. ఇవ్వకూడదన్న నిబంధనా మేరామణ్‌భాయ్ గారికి గుర్తు రాలేదు. మూడో టికెట్టు కొట్టారు.

కేశోద్‌లో చిక్కొచ్చిపడింది. పురిటికి వెరావళ్‌లోని పుట్టింటికి వెళ్తున్న బెస్తపిల్ల ఒకతె, నెలలు నిండిన మనిషి, అత్తగారి చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆడవాళ్ల సీట్లలోనూ కండక్టరు సీట్లోనూ అందరూ చంటిపిల్లల తల్లులూ ముసలివాళ్లే, మగవాళ్ల పక్కన అత్తగారు కూర్చోనివ్వదు.

"ఏం భాయ్, ప్రాణమున్న మనిషి నిలబడుతుంటే కుండ కూర్చుంటుందా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నోరు జాగ్రత్త! కుండ కాదు, మా నాన్న. టికెట్టు కొన్నాం," అని పక్కనే నిలబడి ఉన్న కొడుకు గొంతు పెంచాడు.

బస్సు రెండుగా చీలిపోయింది. టికెట్టు ఇచ్చిన చేత్తో కుండ ఎలా తీయడం? తీయకపోతే ఆ పిల్ల గతేమిటి? మేరామణ్‌భాయ్ గారు జీవీబా దగ్గర వంగి, మెల్లగా ఏదో చెప్పబోయారు. ఆమె ముసుగు కాస్త జరిపింది.

"నలభయ్యేళ్లు కాపురం చేశా దీకరా, బిడ్డా. అత్తమామల ముందు సిగ్గని ఎప్పుడూ ఆయన మగాళ్లతో ముందు కూర్చునేవారు, నేను ఆడాళ్లతో వెనక. పక్కన కూర్చోవడం ఇదే మొదలు. లేపడం నావల్ల కాదు. నీకంత అవసరమైతే నువ్వే అడుగు ఆయన్ని."

మేరామణ్‌భాయ్ గారు సంచి వెనక్కి తోసుకుని, కుండకు రెండు చేతులూ జోడించారు. "రామ్ రామ్ అర్జణ్‌బాపా. ఇంత దూరం దర్జాగా వచ్చారు. ఈ పిల్ల నిలబడలేకపోతోంది. తమరు కాస్త లేచి చోటిస్తే, దిగేదాకా తమర్ని నేనే ఎత్తుకుంటా."

జీవీబా కుండకు చెవి ఆనించింది. "లేవరట," అంది. బస్సంతా ఉసూరుమంది. "ఉండండర్రా, అప్పుడే అయిపోలేదు. మొదట కాదనడం ఆయనకి అలవాటే. నేను కాసేపు మాట్లాడకుండా ఉంటే దారికొస్తారు." జనం నవ్వారు. ఆమె మాత్రం కళ్లు మూసుకుని ఉండిపోయింది. కొంతసేపటికి తనే కుండను అందుకుంది. "ఒప్పుకున్నారు. నా ఒళ్లో కూర్చుంటారట."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అత్తగారు మాత్రం కోడల్ని వెనక్కి లాగింది. "కడుపుతో ఉన్న పిల్ల! చచ్చినవాళ్ల చోట్లో ఎలా కూర్చుంటుంది?"

"చచ్చినవాళ్ల చోటెలా అవుతుందమ్మా? పెద్దాయన లేచి ఇచ్చిన చోటు," అంది జీవీబా.

"కాళ్లు పీకేస్తున్నాయి అత్తా, భయం వెరావళ్‌లో దిగాక పడతాలే," అంటూ ఆ పిల్ల కుండకు దణ్ణం పెట్టి కూర్చుంది.

ఆ సాయంత్రం రొట్టె తింటూ మేరామణ్‌భాయ్ గారు ఈ ముచ్చట భార్యకు చెప్పారు. మెచ్చుకుంటుందనుకున్నారు. రమీబెన్ గారు మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగి, "నన్ను కూడా ఆవిడలా కుండ పక్కన పెట్టుకునే ద్వారక వెళ్లమంటారా?" అన్నారు. ఆ మాట తనకు ముల్లులా గుచ్చుకుందని ఆయన ఈ డ్రైవరుతో ఎన్నోసార్లు అన్నారు. గుచ్చుకున్నా, తోటివాడి తండ్రి జబ్బనో, జాతర రద్దీ అనో తన సెలవు వదులుకోవడం మాత్రం మానలేదు. ట్రాఫిక్ కంట్రోలరుగా పదోన్నతి పొందిన తరువాతా, మైకు పట్టుకుని ప్లాట్‌ఫారమ్ మీద నిలబడినవారే. ఈలోగా రమీబెన్ గారి మోకాళ్లు అరిగాయి. బస్సు మెట్లెక్కడమే కష్టమైంది. ఇంకెన్నాళ్లు ఎక్కగలదోనన్న దిగులు ఆయన్ను పట్టుకుంది.

గత మాసంలో ఒక యాత్రా ట్రావెల్స్ యజమాని స్వయంగా వచ్చి, విరమణానంతరం తమ బస్సుల వెంట వెళ్లే మేనేజరుగా రమ్మన్నారు. జీతం ఇక్కడికంటే మెరుగే.

"నిలబడే పనా?" అని అడిగారు మేరామణ్‌భాయ్ గారు.

"యాత్ర బస్సులో కూర్చునే పని ఎక్కడుంటుంది భాయ్?"

"అయితే వద్దు. టీ తాగి వెళ్లు."

ఆ మరుసటి వారమే వారు మన రిజర్వేషన్ కిటికీ ముందు వరసలో నిలబడ్డారు. లోపల ఉన్న హర్షాబెన్ ఆశ్చర్యపోయింది. "మీరు లైన్లో ఏమిటి భాయ్? మీకు పాస్ ఉందిగా!"

"పాస్ కండక్టరుకి. నేను రమీ మొగుడిగా వెళ్తున్నా. విరమణ మర్నాడు ద్వారకకి రెండు కొట్టు, పక్కపక్కన."

"సరే గాని, దారిలో నెలలు నిండిన పిల్ల ఎవరైనా ఎక్కిందనుకోండి, కూర్చోగలరా?"

మేరామణ్‌భాయ్ గారు చేతిలోని నోట్లు మళ్లీ ఒకసారి లెక్కపెట్టారు. "లేస్తా," అన్నారు చివరికి. "కాని రమీని అడిగి లేస్తా."

విధి నిర్వహణలో అహర్నిశలు నిలిచి ఉన్న ఆ పాదాలకు విశ్రాంతిని, ఆ దంపతులకు ఆయురారోగ్యాలను, సుదీర్ఘమైన దాంపత్యాన్ని ప్రసాదించవలసిందిగా సోమనాథుని, ద్వారకాధీశుని మనసారా ప్రార్థిస్తున్నాము. బస్సులు నిండాలని ఎప్పుడూ కోరుకునే ఈ డిపో ఉద్యోగులందరం, రేపటి ద్వారక బస్సులో మాత్రం ఎవరూ నిలబడవలసిన రద్దీ ఉండకూడదని కోరుకుంటున్నాము.